రాతిచెట్టుకు వీపు ఆనించిన పొద్దు

మా ఇంట్లో ఎవరైనా దయ్యాల మాట ఎత్తితే తాత వాదించేవాడు కాదట. లేచి వెళ్ళిపోయేవాడట. ఆ మాట వినడం కూడా తన స్థాయికి తగదని ఆయన ఉద్దేశం. ఆ అలవాటు మా నాన్నకు వచ్చింది, నాన్న నుంచి నాకు వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఏళ్ళ తరబడి పిల్లలకు లెక్కలు చెప్తున్నాను. లెక్కకు అందనివి లోకంలో ఉంటాయని ఒప్పుకుంటాను. వాటికి ఊపిరి ఉంటుందని మాత్రం ఎన్నడూ ఒప్పుకోలేదు. అందుకే ఇది రాయడానికి ఇంత ఆలస్యం చేశాను.

జరిగింది చీకట్లో కాదు. ఎండ బాగా ఎక్కిన పొద్దున, మన్సూరాబాద్‌లో ఒక కాలనీ పార్కులో, నడకకు వచ్చినవాళ్ళు చుట్టూ తిరుగుతుండగా జరిగింది.

ముందు మా ఇంటి సంగతి కొంత చెప్పాలి. మాది నల్లగొండ వైపు ఒక గడి, దొరలు ఉండే కోటలాంటి ఇల్లు. ఇప్పుడు గోడలు కూడా సరిగ్గా లేవు. భూములు పోయాయి, పేరు పోయింది. నేను చంపాపేట్‌లో కిరాయి ఇంట్లో ఉంటాను. ఇందులో దాచుకోవాల్సింది ఏమీ లేదు. పోయినవాటి కోసం మా ఇంట్లో ఎవరూ ఎవరి గుమ్మం ముందూ నిలబడలేదు.

గడి ముందు ఒకప్పుడు రాతిచెట్టు ఉండేది. మనిషికంటే కాస్త ఎత్తు. దూరం నుంచి చూస్తే ఎండిన మాను. బెరడు గీతలు, కొమ్మ విరిగిన చోట ముడులు, అన్నీ ఉంటాయి. ముట్టుకుంటే రాయి. మా ముత్తాత దాన్ని గోదావరి ఒడ్డు అడవి నుంచి బండి మీద తెప్పించాడని చెప్తారు.

ఆ రాయి దగ్గర మాకొక ఆచారం ఉండేది. దాన్ని వెన్నుపెట్టుడు అనేవారు. ఇంట్లో పసిబిడ్డ మెడ నిలిపి కూర్చోవడం మొదలుపెట్టగానే, చలికాలం పొద్దున బట్టలు విప్పి, వీపు ఆ రాతికి ఆనించి కూర్చోబెట్టేవారు. రాయి చల్లగా ఉంటుంది కాబట్టి బిడ్డ ఏడుస్తుంది. ఏడవనిచ్చేవారు. ఎంత గట్టిగా ఏడిస్తే అంత సంతోషం. ఏడుపు దానంతట అది ఆగాకే ఎత్తుకునేవారు. అట్లా చేస్తే ఆ మనిషి వెన్ను జీవితంలో వంగదని నమ్మకం. ఆడపిల్లలకూ చేసేవారు, అది మా ఇంటి గొప్ప. కానీ ఇంటి పిల్లలకు మాత్రమే. బయటి పిల్లలు ఆ రాయి నీడలోకి కూడా రాకూడదు.

నేను పుట్టేనాటికి రాతిచెట్టు గడిలో లేదు. పట్నం నుంచి వచ్చిన సర్కారు వాళ్ళకు తాత దాన్ని ఇచ్చేశాడు. నన్ను మా అమ్మ గడి గోడకు ఆనించి సరిపెట్టిందట. గోడ కూలింది గానీ నా వెన్ను బాగానే ఉంది.

ఆ రాయి ఏళ్ళ తరబడి ఏదో ఆఫీసు వెనక పడి ఉందని తర్వాత తెలిసింది. దాన్ని వెతికి పట్టుకున్నది సత్తయ్య. సత్తయ్యది మా ఊరే. వాళ్ళ అమ్మా నాన్నా గడిలో వెట్టి చేసినవాళ్ళు. ఇప్పుడు అతనికి లారీలున్నాయి, ఎల్బీ నగర్‌లో ఆఫీసు ఉంది, మన్సూరాబాద్‌లో సొంత ఇల్లు ఉంది. కాలనీ పార్కు కమిటీకి అతనే అధ్యక్షుడు. పార్కులో ఒక మూలను శిలాజాల కోసం కేటాయించి, గవ్వలు ఇరుక్కుపోయిన రాళ్ళు, ఆకు అచ్చు పడిన పలక ఒకటి, మరో రెండు రాతి మానులు తెప్పించాడు. వాటి మధ్యలో చిన్న సిమెంటు గట్టు మీద మా రాతిచెట్టును నిలబెట్టించాడు.

ఒకరోజు అతనే మా చిన్నాయనకు ఫోన్ చేశాడు. రాతిచెట్టు ముందు పలక పెడుతున్నామనీ, దాని మీద 'మా ఊరి రాతిచెట్టు' అని చెక్కిస్తున్నామనీ, దొరవారు ఒకసారి వచ్చి చూసిపోతే బాగుంటుందనీ చెప్పాడు.

చిన్నాయన మా నాన్నకు తమ్ముడు. తాత కొడుకుల్లో మిగిలింది ఆయన ఒక్కడే. ఎనభై దాటాయి. ఫోన్ పెట్టేసి సంగతి నాకు చెప్పాడు. తర్వాత, "ఊరిది ఎట్లయితది?" అన్నాడు. "మా నాయిన చేతులార ఇచ్చిండు. ఇచ్చినోని పేరు లేకుండ పలక ఏంది?"

అదీ సంగతి. మాకు ఆ రాయి వెనక్కి రావాలని లేదు. పలక మీద ఇంటి పేరు ఉండాలి, అంతే. ఊళ్ళో కొందరు ఆ రాయిని తాత ఇవ్వలేదనీ, సర్కారు గుంజుకుపోయిందనీ అనేవారు. పలక మీద పేరు లేకపోతే ఆ మాటే నిజమై నిలిచిపోతుంది. చిన్నాయన బతికిన ఇన్నేళ్ళూ చెప్పిన మాట అబద్ధమవుతుంది.

ఆదివారం పొద్దున ఆటోలో వెళ్ళాం. చిన్నాయన ఇస్త్రీ ధోతి, తెల్ల లాల్చీ వేసుకున్నాడు. చేతికర్ర తెచ్చాడు గానీ పార్కు గేటు దగ్గర దాన్ని చంకలో పెట్టుకున్నాడు. ఆనుకుని నడవడం సత్తయ్య చూడకూడదు. నేనైనా అంతే చేసేదాన్ని.

సత్తయ్య ఎదురొచ్చాడు. అరవై ఏళ్ళుంటాయి. నిటారుగా నడిచే మనిషి. చిన్నాయనను చూసి చేతులు జోడించాడు, కానీ తల వంచలేదు.

"రా దొరా. కుర్చీ ఏపియ్యాల్నా?"

"నిలబడ్తగానీ, రాయేది?"

అతని పక్కన విజయలక్ష్మి గారని ఒకావిడ ఉన్నారు. కాకినాడ వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. ఈ శిలాజాల మూలకు ఆవిడే పెద్ద దిక్కు. మమ్మల్ని చూసి చాలా సంతోషించారు. కోట్ల ఏళ్ళ కింద ఆ చెట్టు నది బురదలో కూరుకుపోయిందనీ, నీటిలో కరిగిన ఖనిజం దాని కణకణంలోకి దిగి చెక్క పోయి రాయి మిగిలిందనీ చెప్పారు. పార్కుకు వచ్చే పిల్లలకు చెప్పీ చెప్పీ ఆవిడ మాటకు ఒక లయ వచ్చింది.

చిన్నాయన వినలేదు. రాతిచెట్టు ముందు నిలబడి కిందివైపే చూస్తున్నాడు.

"ఇది మాది కాదు," అన్నాడు.

సత్తయ్య ముఖంలో నవ్వు ఆగిపోయింది. "అదేంది దొరా?"

"మా దానికి కింద, జానెడు మీద, నున్నటి జాగ ఉంటది. పిల్లల వీపులు ఆని ఆని నునుపు తేలింది. నేను చూసిన. దీనికేది?"

నేను వంగి చూశాను. కింద ఏమీ లేదు. బెరడు గీతలు గరుకుగా ఉన్నాయి. చిన్నాయన చెవులు ఎర్రబడ్డాయి. ఇంత దూరం వచ్చి, పలక మీద పేరు అడుగుదామని వచ్చి, రాయే మాది కాదంటే ఇక మాట్లాడేదేముంది?

విజయలక్ష్మి గారు కొంచెం మొహమాటంగా దగ్గారు. "నున్నగా ఉన్న చోటు ఉందండీ. పైన ఉంది, చూడండి." నా తల ఎత్తున చెయ్యి పెట్టి చూపించారు. అక్కడ రాయి లోపలికి కొద్దిగా లొత్తపడి, అద్దంలా మెరుస్తోంది. "మరేం లేదండీ, మీవాళ్ళు దీన్ని తలకిందులుగా పెట్టుకున్నారు. వేళ్ళవైపు పైకి, కొమ్మలవైపు కిందికి. మేము సరిగ్గా తిప్పి నిలబెట్టాం."

చిన్నాయన తల ఎత్తి రాతి కొస వైపు చూశాడు.

"పైన వెడల్పు ఉండె," అన్నాడు చిన్నాయన నెమ్మదిగా. "ఛత్రం లెక్క. అది చూసే మా తాత దాన్ని రాచచెట్టు అన్నడు."

సత్తయ్య నవ్వు ఆపుకోలేకపోయాడు. "గడి కద మేడం. ఆడ అన్నీ అట్లనే ఉంటుండె, మీదిది కిందికి, కిందిది మీదికి."

నాకు ఒళ్ళు మండింది. అయినా రాయి మాదేనని తేలింది, అది ముఖ్యం. పలక సంగతి నేనే ఎత్తాను. తాత పేరు ఉండాలని, మా ఇంటి పేరు ఉండాలని, అడిగినట్టు కాకుండా చెప్పినట్టు చెప్పాను.

"నువ్వనేది సమజైంది దొరసానమ్మా," అన్నాడు సత్తయ్య. "గానీ ఒక మాట. బండి మీ పెద్దలు తెప్పిచ్చిండ్రు, నిజమే. గుంజింది ఎవలు? ఎడ్లు సగం తొవ్వలనే సచ్చినయంట. మిగిలిన తొవ్వంత మావోళ్ళే కాడి ఎత్తిండ్రు. గడి ముందట నిలబెట్టింది మావోళ్ళే. పట్నం పోయేటప్పుడు లారీకెక్కిచ్చింది మా నాయిన. ఆఫీసు ఎనక చెత్తల పడుంటే తెచ్చింది నేను. ఇగ ఇది ఊరిది గాక ఎవలది?"

"ఇచ్చింది మా నాయిన," అన్నాడు చిన్నాయన.

"అయ్యో, ఇచ్చిండు దొరా. ఎవలు కాదన్నరు? ఇయ్యకపోతే ఏం జేస్తుండెనో అదే అడుగుతున్న."

ఇద్దరూ గొంతు పెంచలేదు. కానీ నడుస్తున్నవాళ్ళు అడుగు నెమ్మదించి వింటున్నారని నాకు తెలిసింది. పదిమందిలో ఇట్లా మాటలు పడటం నాకు అలవాటు లేదు. పక్కకు తిరిగి రాతిచెట్టు వైపు చూశాను.

గట్టు మీద నిలబడితే ఆ నున్నటి చోటు సరిగ్గా నా వీపు ఎత్తుకు వస్తుంది. గడిలో పుట్టినవాళ్ళలో ఆ రాతికి ఆనని మనిషిని నేనొక్కదాన్నే. ఎవరినీ అడగలేదు. గట్టు ఎక్కి, వీపు ఆనించి నిలబడ్డాను. ఏ రాయి ఎవరిదని వీళ్ళు వాదించుకుంటున్నారో, దాని దగ్గర నా హక్కు నేను తీసుకుంటున్నాను అనుకున్నాను.

మొదట రాయి చల్లదనం తెలిసింది. అంత ఎండలో కూడా చల్లగానే ఉంది. అది వింత కాదు, చెట్ల నీడ ఉంది.

తర్వాత రాయి పోయింది. ఇంతకంటే సరిగ్గా చెప్పలేను. నా వీపుకు మరో వీపు ఆని ఉంది. చాలా చిన్నది, నా రెండు రెక్కల ఎముకల మధ్య పట్టేంత. వెచ్చగా ఉంది. అది ఊపిరి తీస్తోంది. ఎముకలు నా వీపుకు తగిలి లేవడం, తగ్గడం స్పష్టంగా తెలిసింది.

నాకు పిల్లలున్నారు. ఏడుస్తున్న బిడ్డ ఊపిరి ఎట్లా ఉంటుందో తెలుసు. ఇది ఏడుపే. కానీ చప్పుడు లేదు. నోరు తెరిచి ఏడిస్తే పొట్టలోంచి గాలి వస్తుంది. ఇది ముక్కుతో మాత్రమే వస్తోంది, గబగబా, మధ్యలో వెక్కు పడుతూ. పైన, నా వెన్నెముకకు ఏదో గట్టిది గుచ్చుకుంటోంది. చిన్న గొట్టం లాంటిది.

భయం వేయలేదు. అబద్ధం ఎందుకు చెప్పాలి, ముందు కోపం వచ్చింది. ఎవరో పరాచికం ఆడుతున్నారనుకున్నాను. కదలకుండా, "వెనక ఎవరున్నారో చూడండి," అన్నాను.

విజయలక్ష్మి గారు చుట్టూ తిరిగి వచ్చారు. "ఎవరూ లేరండీ."

"బిడ్డ ఏడుస్తోంది," అన్నాను. "ఎవరో నోరు మూసి పట్టుకున్నారు. మెడలో ఏదో ఉంది, వెనక్కి తిప్పి ఉంది, గుచ్చుకుంటోంది."

నా గొంతు మామూలుగానే ఉందని తర్వాత ఆవిడే చెప్పారు. క్లాసులో పాఠం చెప్పినట్టు చెప్పానట.

గట్టు దిగాను. విజయలక్ష్మి గారు వెంటనే చెవి పెట్టి చూశారు, అరచేతితో తడిమారు, వేలి కణుపుతో కొట్టి చూశారు. గట్టి రాయి, లోపల డొల్ల లేదన్నారు. చిన్నాయన కూడా గట్టెక్కి ఆనుకున్నాడు. పసితనంలో నిజంగా ఆ రాతికి ఆనినవాడు ఆయన. కళ్ళు మూసుకుని చాలాసేపు ఉన్నాడు. ఆయనకు చల్లదనం తప్ప ఏమీ తెలియలేదు.

సత్తయ్య మాత్రం దగ్గరికి రాలేదు. బెంచీ మీద కూర్చుండిపోయాడు. ముఖం మీద చెమట. నీళ్ళు ఇస్తే తాగలేదు.

"నువ్వు కూడా చూడు," అన్నాడు చిన్నాయన.

"నేను ఒరగ. ఒక్కసారి చాలు."

ఆ మాట ఎవరికీ అర్థం కాలేదు. అతను నేలవైపు చూస్తూ చెప్పాడు.

"మా అమ్మ గడిల వాకిలి ఊడుస్తుండె. మీ ఇంట్ల ఎవలో పిల్లకు ఎన్నుపెట్టిండ్రంట, సూసింది. నా కొడుక్కు మాత్రం ఎన్ను వద్దా అనుకుందంట. మీ ఇంట్లోళ్ళంత పెండ్లికి పోయిన పొద్దు నన్ను తీస్కపోయి ఆ రాయికి ఒరగబెట్టింది. నేను ఏడ్సిన. కావలోడు ఇంటడని నోరు గట్టిగ మూసిందంట. తాయెత్తు గలగల అంటదని ఎనక్కి తిప్పి పట్టుకుందంట. నీ పాణం పోతదేమో అనుకున్న బిడ్డా అని చెప్పింది, పోయేముందు. ఒక్కసారే చెప్పింది. నేను ఇంట్ల కూడ చెప్పలే."

మా ఇంటి పిల్లల మెడలో పులిగోరు ఉండేది. తాయెత్తు ఎవరికీ కట్టలేదు. మా పిల్లల నోరు ఎవరూ మూయలేదు. వాకిలంతా వినాలని ఏడవనిచ్చేవారు. నా వీపుకు తగిలింది మా ఇంటి ఏడుపు కాదు.

చిన్నాయన చేతికర్ర చంకలోంచి తీశాడు. దాన్ని నేలకు ఆనించి, నెమ్మదిగా బెంచీ దాకా నడిచి, సత్తయ్య ముందు నిలబడ్డాడు.

"నిలువు," అన్నాడు.

ఆ మాట కసురుకున్నట్టు అనిపించవచ్చు, అందుకని చెప్తున్నాను. వెన్నుపెట్టిన బిడ్డ ఏడుపు ఆపాక, ఇంటి పెద్ద నెత్తిమీద చెయ్యి పెట్టి అనే మాట అది. ఆ మాట అంటేనే ఆచారం పూర్తయినట్టు. బయటివాళ్ళకు ఎన్నడూ అనలేదు.

సత్తయ్య తల ఎత్తి చూశాడు. ఆ మాటేమిటో అతనికి తెలుసు. వాకిలి ఊడ్చిన తల్లి చెప్పే ఉంటుంది. లేచి నిలబడ్డాడు. చిన్నాయన చెయ్యి అతని నెత్తికి అందలేదు, భుజం మీద పెట్టాడు.

కాసేపటికి సత్తయ్యే అన్నాడు. "దొరా, పలక ఇంక చెక్కలే. మీ నాయిన పేరు ఎక్కిస్త."

"వద్దు," అన్నాడు చిన్నాయన. "మా నాయిన ఇచ్చిండు. ఇచ్చినోడు పలక మీద పేరు అడుగడు. నేను అడిగి తప్పు జేసిన. నువ్వనుకున్నట్టె రాపిచ్చు."

నేను చిన్నాయనను చాలా సందర్భాల్లో చూశాను. పొలాలు పోయిన రోజు చూశాను, కొడుకు పోయిన రోజు చూశాను. ఆ పొద్దున ఉన్నంత దర్జాగా ఎన్నడూ చూడలేదు. ఎవరి చేతిలోనూ ఓడకుండా, ఎవరినీ ఓడించకుండా వెనక్కి తిరిగాడు. నేను ఆ ఇంటి మనిషిని.

పలక పెట్టారు. 'మా ఊరి రాతిచెట్టు' అని ఉంది. నేను చూశాను, బాగుంది.

ఇక నేను ఆలోచించినవి చెప్తాను. ఈ కథ ముందే ఎక్కడైనా విని మరిచిపోయానా? సత్తయ్య ఎవరికీ చెప్పలేదన్నాడు. అతని తల్లి చనిపోయిన ఏడాది నేను ఆ ఊరికే పోలేదు. చిన్నాయనను ఆటోలోనే అడిగాను, తెలియదన్నాడు. ఆయన అబద్ధం చెప్పడు. ఎండ దెబ్బ అనుకుందామంటే నీడలో నిలబడ్డాను. ఊహ అనుకుందామంటే తాయెత్తు సంగతి నాకెట్లా తెలియాలి?

పోనీ, చనిపోయినవాళ్ళ సంగతి అనుకుంటే జనం ఏదో పేరు పెట్టుకుంటారు. ఇక్కడ ఆ బిడ్డ చనిపోలేదు. అరవై ఏళ్ళ మనిషై, నా ముందు బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. బతికున్న మనిషి పసితనం రాతిలో ఎట్లా ఉండిపోతుంది? విజయలక్ష్మి గారిని అడిగితే, చెక్క రాయి కావడం వరకే తనకు తెలుసన్నారు.

తర్వాత రెండుసార్లు వెళ్ళాను. పొద్దున్నే వెళ్ళి, ఎవరూ లేనప్పుడు ఆనుకుని చూశాను. ఉత్త రాయి.

ఒక్క విషయం మాత్రం ఆ రోజు ఎవరికీ చెప్పలేదు, సత్తయ్యకు కూడా. నేను గట్టు దిగబోతూ ముందుకు కదిలినప్పుడు, ఆ చిన్న వీపు నాతోపాటు కదిలింది. దూరమైపోతానేమోనన్నట్టు గట్టిగా ఆనుకుంది. ఊపిరిలో వెక్కు ఆగింది. నేను ఎవరింటి మనిషినో దానికి తెలిసి ఉండదు. లేక, తెలిసి కూడా ఆనుకుందేమో.